అరువు ముక్కు

కొట్టు మీది గది,
నవంబరు 14

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరు పోయారోనని కంగారు పడకు. అందరూ ఉన్నారు. ఫోనే చేద్దామనుకున్నాను. కానీ ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే పోట్లాటకి దిగుతాం. కాగితం మీదైతే నువ్వు తిట్టే తిట్టు నాకు చేరడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా కొంచెం చల్లారుతుంది.

సెప్టెంబరులో జ్వరం తగిలి పదకొండు రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. కొట్టు ఎప్పటిలాగే ఉంది. కింద సీసాలు, పైన నేను. ఈ ఇరవై ఆరేళ్ళలో నా ఉద్యోగమేమిటని నువ్వెప్పుడూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. మా దగ్గర ఎక్కువగా అమ్మేది ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఎర్ర వైన్లు. ఏది తెప్పించాలో రుచి చూసి చెప్పేది నేను. అరలో ప్రతి సీసా కిందా ఒక చిన్న అట్ట ఉంటుంది. ఆ వైన్ వాసనేమిటి, రుచేమిటి, నోట్లో ఎంతసేపు నిలుస్తుంది, ఇవన్నీ దాని మీద నాలుగు ముక్కల్లో రాస్తాను. జనం సీసా వైపు చూడను కూడా చూడరు. అట్ట చదివి కొంటారు.

ఇక అసలు సంగతి. మా యజమానురాలిని కొట్లో అందరం పెద్దావిడ అంటాం. ఆవిడకి ఈమధ్య ఒక ఆలోచన వచ్చింది. అట్టల మీద రాతలు మరీ పండితుల భాషలో ఉంటున్నాయట, మామూలు మనుషుల మాటలు కావాలట. నాకు తెలిసిన మామూలు మనిషివి నువ్వే. చిన్నప్పుడు పక్కింట్లో పాలు విరిగాయని మన గుమ్మంలో నిలబడి చెప్పిన ముక్కు నీది. అందుకని ఆరు చిన్న సీసాల్లో ఆరు వైన్లు పోసి, నంబర్లు వేసి పంపుతున్నాను. గ్లాసులో పోసి వాసన చూసి, ఏమనిపిస్తే అది రాయి. వేరే ఉద్దేశమేమీ లేదు.

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి వాటా,
నవంబరు 20

తమ్ముడూ,

పదకొండేళ్ళ తర్వాత పలకరింపుగా ఆరు సీసాలు పంపావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆస్పత్రిలో కాంపౌండరుగా మందులిచ్చిన చేతికి ఇప్పుడు నువ్వు మందు పంపుతున్నావు. బాగుంది.

ఈ ఇంట్లోకి ఇక సీసా రాకూడదని మీ బావ పోయిన రోజునే చెప్పాను. మర్చిపోయినట్టున్నావు. ఆయన చివరిసారి నవ్వుతూ తాగింది నువ్వు తెచ్చిన సీసాలోదే. నాలుగు నెలలు తిరక్కుండా పోయారు. మళ్ళీ అదే రంగు నా బల్ల మీద పెట్టి వాసన చూడమంటే ఎలా చూస్తాననుకున్నావు?

మామూలు మనిషినన్నందుకు సంతోషం.

పార్శిలు తిరిగి కట్టేశాను. అయితే అయిదే వస్తాయి. నాలుగో సీసా మూత నువ్వు సరిగ్గా బిగించలేదు. దారిలో కారిపోయి, చుట్టి పంపిన తువ్వాలంతా ఎర్రబడింది. ఉతుకుదామని తీస్తే గుప్పున నీలగిరి తైలం వాసన కొట్టింది. జలుబు మందుల్లో ఏళ్ళ తరబడి కలిపినదాన్ని, ఆ వాసన నేను పొరబడను. మీ సరుకులో నీలగిరి తైలం ఎవడు కలిపాడు? కల్తీ ఏమో చూసుకో. దాని అడుగున ఏదో నల్లటి పండు, పెన్సిలు చెక్కితే వచ్చే వాసన. అంతకుమించి నేను చూడలేదు.

అక్క


కొట్టు మీది గది,
నవంబరు 27

అక్కా,

పార్శిలు పంపకు. దండం పెడతాను, ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

అది కల్తీ కాదు. నాలుగో నంబరు కూనవారా అనే చోట పండిన కాబెర్నే అనే నల్ల ద్రాక్షతో చేసింది. అక్కడ ద్రాక్షతోటల చుట్టూ నీలగిరి చెట్లుంటాయి. వాటి నూనె గాలిలో తేలివచ్చి పండ్ల తొక్క మీద పడుతుంది. ఆ ఒక్క వాసన గుర్తుపట్టడానికి నాకు ఈ ఉద్యోగంలో రెండేళ్ళు పట్టింది. నువ్వు తడి తువ్వాలు పట్టుకుని చెప్పావు. పెన్సిలు చెక్కు అన్నావు చూడు, దాన్ని ఉంచిన ఓక్ చెక్క పీపాలోంచి వచ్చింది అది.

బావ సంగతి మర్చిపోయానేమో అన్నావు. ఆ రోజు అంతమంది ముందు నువ్వన్న మాట మర్చిపోయే మాటా అక్కా? "వాడు తెచ్చిన సీసాతోనే మొదలైంది" అన్నావు. అప్పటినుంచి మీ వీధి మొహం చూడలేదు నేను. నీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదు. కానీ ఒక్క సంగతి. తాగమని నేను అడగడంలేదు. ఈ పనిలో మేమెవరమూ తాగం. గ్లాసులో మూడోవంతు పోసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూస్తాం. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, కాస్త గాలి లోపలికి పీల్చి, బుగ్గల మధ్య తిప్పి ఉమ్మేస్తాం. రోజుకి నలభై గ్లాసులు చూసినా ఇంటికి తిన్నగానే నడిచివెళ్తాం.

ఆ నల్లటి పండు పచ్చిగా ఉందా, మగ్గినట్టుందా? నీలగిరి ఎంత? ముందు అదే వచ్చిందా, వెనక వచ్చిందా? పొగ ఏమైనా తగిలిందా? తువ్వాలు ఉతికేశావా?

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి వాటా,
డిసెంబరు 9

తమ్ముడూ,

అయిదూ చూశాను. ఎందుకు చూశానని అడగకు. నీ కోసం అనుకో, పనిలేక అనుకో. రిటైరయ్యాక ఈ ముక్కుకి పొద్దస్తమానం కిటికీలోంచి వచ్చే పెట్రోలు కంపు తప్ప ఇంకేం దొరకట్లేదు.

ఆస్పత్రి ఎనామిల్ పళ్ళెం ఒకటి నా దగ్గరుండిపోయింది. అందులో ఉమ్మేశాను. సరిగ్గా అప్పుడే చక్కెర అడగడానికి వచ్చిన పక్క వాటా ఆవిడ, పళ్ళెంలో ఎర్రగా చూసి నేను రక్తం కక్కుకుంటున్నానని కెవ్వున అరిచింది. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు వీధంతా నాకేదో జబ్బనుకుంటోంది. చెప్పుకోలేను కదా, వైన్ చూస్తున్నానని.

నంబరు ఒకటి: అతిమధురం. దగ్గు మందులో నేను కలిపిన అతిమధురమే, అణువంత తేడా లేదు. దాని వెనక దంచిన మిరియాలు, ఎండకి మగ్గిన నేరేడు పళ్ళు. నోట్లో చిక్కటి కషాయంలా ఉంది. నాలుక మీద దుప్పటి కప్పినట్టయింది. ఉమ్మేశాక కూడా పోలేదు. గడియారం చూశాను, నలభై సెకన్లు.

నంబరు మూడు: కొత్త చెప్పుల కొట్టు. తోలు, జిగురు, ఎర్రటి తీపి పళ్ళు. ఇది ఒకటికంటే పలచన.

నంబరు ఆరు: ఏళ్ళుగా తెరవని బీరువా. ఎండిన అంజూరం, కాఫీ పొడి. గ్లాసు అంచున రంగు ఇటుకలా ఉంది. దీనికి వయసుంది. నాకు నచ్చింది.

రెండు, అయిదు వేరే కాగితం మీద రాశాను.

ఇప్పుడు నేనడుగుతాను. నువ్వు కూడా ఆ సీసాల్లోంచే కదా పోశావు. మిగతాది నీ దగ్గరే కదా ఉంది. మరి పొగ తగిలిందా, పండు మగ్గిందా అని నన్నెందుకు అడుగుతున్నావు? గుడ్డివాడు రంగుల గురించి అడిగినట్టున్నాయి నీ ప్రశ్నలు. సెప్టెంబరులో జ్వరమన్నావు. జ్వరం తగ్గిందన్నావు. ఇంకేం తగ్గిందో చెప్పలేదు.

ఒరేయ్, నీకు వాసన రావట్లేదు కదూ?

అక్క


కొట్టు మీది గది,
డిసెంబరు 16

అక్కా,

రావట్లేదు.

జ్వరం వదిలిన రోజు పొద్దున కాఫీ పెట్టుకున్నాను. చేదుగా, వేడిగా ఉన్న నీళ్ళు. పొడి పాడైందనుకుని కొత్త డబ్బా తెచ్చాను. అదీ అంతే. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నాను, కిరోసిన్ మూత తీశాను, నా చొక్కా చంకలో మొహం పెట్టాను. ఏమీ లేదు. డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఇలాంటివాళ్ళు చాలామంది వస్తున్నారండీ అని ఓదార్చాడు. వాళ్ళందరూ వాసన చూసి బతికేవాళ్ళు కాదుగా.

పెద్దావిడకి చెప్పలేదు. మొదట్లో పాత సరుకు కాబట్టి గుర్తున్నదే మళ్ళీ రాశాను. నవంబరులో కొత్త సరుకు వచ్చింది. గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎరుపు కనిపిస్తోంది. అంతే. మామూలు మనుషుల మాటలు కావాలన్నది పెద్దావిడ కాదు, నేనే. అబద్ధం చెప్పాను.

నీకొకటి చెప్పాలి. అంతా పోలేదు. వైన్‌కి ఒళ్ళుంటుందంటాం మేము. నీళ్ళకీ చిక్కటి పాలకీ నోట్లో తేడా తెలుస్తుంది చూడు, అది. వాసనతో దానికి పనిలేదు. తీపి, పులుపు, చేదు తెలుస్తున్నాయి. చిగుళ్ళని పట్టి లాగే వగరు తెలుస్తోంది. గొంతులో వేడి తెలుస్తోంది. సన్నటి వైన్లు నాకిప్పుడు నీళ్ళే. నిండు ఒళ్ళున్న ఆ ఆస్ట్రేలియా ఎరుపులే ఇంకా నాతో కాస్త మాట్లాడుతున్నాయి. నువ్వు దుప్పటి అన్నావే, ఆ ఒకటో నంబరు బరోసా అనే చోట పండిన షిరాజ్ ద్రాక్షది, దాని దుప్పటి నాకూ తెలిసింది. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారని తెలుస్తుంది. ఎవరో మాత్రం తెలియదు.

నీ మాటలు అట్టల మీద పెట్టాను. "అతిమధురం, దంచిన మిరియాలు, నాలుక మీద దుప్పటి." నాలుగు రోజుల్లో ఆ అర ఖాళీ అయింది.

ఎవరికీ చెప్పకు. వచ్చే వారం మరో నాలుగు పంపుతాను. మూతలు గట్టిగా బిగిస్తాను.

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి వాటా,
ఫిబ్రవరి 11

తమ్ముడూ,

పద్నాలుగో నంబరు సీసా నుంచి పద్దెనిమిది దాకా రాసిన కాగితాలు ఇందులో ఉన్నాయి. పదహారు నాకు నచ్చలేదు. పండు మరీ ఉడికిపోయి జామ్‌లా ఉంది, మంట ఎక్కువ. పదిహేడు మాత్రం మంచి వైన్. పైకి గంభీరంగా ఉంది కానీ నోట్లోకి వెళ్ళాక మెత్తబడింది. మా పెద్ద డాక్టరుగారి లాగా.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? గురువారం పార్శిలు వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం కిటికీ మూసి, బల్ల తుడిచి, గ్లాసులు వరసగా పెట్టుకుంటాను. వారంలో నేను ఎవరితోనైనా తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. ఆ మాట్లాడేది కూడా గ్లాసులోకే అనుకో. మిగతా రోజుల్లో పాలవాడితో "అర లీటరు" అంటాను. వాడు "సరేనమ్మా" అంటాడు. అయిపోయింది.

కానీ నాకిది నచ్చట్లేదు. మీ పెద్దావిడ నిన్ను నమ్మింది. నువ్వేమో పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు చేస్తున్నావు. దాచడం ఎంత సులువో నాకు తెలుసు. మొదటి రోజే కష్టం. తర్వాత అదే అలవాటైపోతుంది. ఎలా తెలుసని అడగకు, ఆ సంగతి వదిలెయ్.

ఆవిడకి చెప్పు.

అక్క


కొట్టు మీది గది,
మార్చి 28

అక్కా,

నువ్వు చెప్పమన్నప్పుడే చెప్పి ఉండాల్సింది.

నెలకో శనివారం మధ్యాహ్నం కొట్లో పదిమందిని కూర్చోబెట్టి నాలుగైదు మంచి సీసాలు తీసి రుచి చూపిస్తాం. ఈసారి పదకొండు మంది వచ్చారు. చివరికి పన్నెండేళ్ళు దాచిన బరోసా షిరాజ్, రెట్టింపు సైజు సీసా, నేనే తీశాను. కొన్ని సీసాల్లో కార్కుకి ఒక తెగులు పడుతుంది. ఒంటికి హాని లేదు గానీ వైన్‌లో పండు వాసన చచ్చిపోయి తడిసిన అట్టపెట్టె కంపు వస్తుంది. అందుకే ముందు నేను వాసన చూసి, బాగుంటేనే అందరికీ పోయాలి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. "అద్భుతం" అన్నాను. పోశాను.

అందరూ గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన పదిహేనేళ్ళుగా వస్తున్నారు. ఆయన అన్నారు, "ఏమిటండీ ఇది, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది?"

నాకు అర్థమైపోయింది. అప్పుడైనా ఒప్పుకోవచ్చు. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, "అది అక్కడి నేల గుణమండీ. వందేళ్ళ తీగలు కదా, మట్టిని లోతుల్లోంచి లాగుతాయి" అన్నాను.

"అవునవును, మట్టే," అంది ఆయన పక్కన కూర్చున్నావిడ. "వాన పడ్డ మట్టి," అన్నాడు ఇంకొకతను. పదకొండు తలలూ ఊగాయి. ఒకాయన పుస్తకంలో రాసుకున్నాడు కూడా. చెడిపోయిన వైన్ అక్కా, నా మాట మీద అందరూ మెచ్చుకుంటూ తాగారు.

నిన్న పెద్దాయన మళ్ళీ వచ్చారు. చేతిలో సంచీ, అందులో ఆయన ఇంట్లో దాచుకున్న ఆరు సీసాలు. అన్నీ ఏళ్ళ క్రితం నేనే ఎంచి ఇచ్చినవి.

"ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానండీ. బాగానే ఉందంటాడు. ఆయనకేం తెలుసు? మీరు మట్టి అన్నచోట నాకు అట్టపెట్టె వాసన వచ్చిందంటే ఏమిటి అర్థం? వయసు మీదపడింది. ఇంత మంచి సరుకు ఇక నా దగ్గర దండగ. తెలిసినవాళ్ళు ఎవరికైనా ఇవ్వండి."

"మరి శనివారాలు వస్తారుగా?" అన్నాను.

"ఎందుకులెండి. మీ అందరి మధ్యా కూర్చుని తెలిసినట్టు తలూపడం బాగోదు."

భార్య పోయాక ఆయన ఇల్లు కదిలేది ఆ ఒక్క శనివారానికే. నేనేమన్నానో తెలుసా? "థాంక్సండీ" అన్నాను. సీసాలు తీసుకుని అరలో పెట్టాను.

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి వాటా,
ఏప్రిల్ 4

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిట్టడానికే కలం తీశాను. "తప్పు నీదైతే పాపం ఆ పెద్దాయన తన ముక్కుని అనుమానించుకున్నాడు కదరా" అని రాసి, అక్కడ ఆగిపోయాను. ఆ కాగితం చించేశాను. ఎందుకంటే తప్పు నాదైతే పదకొండేళ్ళుగా నిన్ను నువ్వు అనుమానించుకుంటున్నావు.

నీ సీసాతో ఏదీ మొదలవ్వలేదు. అప్పటికి ఆరేళ్ళుగా మీ బావ తాగుతున్నారు. ఇంట్లోనే, తలుపులు వేసుకుని. అమ్మకి తెలియదు, నీకు తెలియదు, పక్క వాటాకి తెలియదు. ఆస్పత్రిలో తాగుడు మానిపించే మాత్రలు నా చేత్తోనే కట్టి ఇచ్చేదాన్ని. మొగుళ్ళని వెంటబెట్టుకొచ్చిన ఆడవాళ్ళకి ధైర్యం చెప్పేదాన్ని. నా ఇంట్లోనే అది ఉందని ఏ నోటితో చెప్పను?

నువ్వు రావడానికి పదిహేను రోజుల ముందు డాక్టరు చెప్పాడు, లివరు పాడైపోయింది, ఇక చుక్క కూడా ముట్టుకోకూడదని. నువ్వొచ్చిన సాయంత్రం నీ కొట్లో సీసా గర్వంగా పట్టుకొచ్చావు. నేను వంటింట్లో ఉన్నాను. కార్కు లాగిన చప్పుడు విన్నాను. నాలుగడుగులు వేసి బయటికొచ్చి "ఆయన తాగకూడదురా" అంటే సరిపోయేది. నీకు తెలిసిపోతుందని రాలేదు. పొయ్యి దగ్గరే నిలబడి మీ ఇద్దరి నవ్వులూ విన్నాను.

ఆ సీసా లేకపోయినా ఆయన పోయేవారే. డాక్టరు తర్వాత ఆ మాట కూడా చెప్పాడు. అయినా ఆ రోజు అందరి ముందూ ఎవరో ఒకరి మీద వెయ్యాలి. నా మీద వేసుకోలేక నీ మీద వేశాను. తర్వాత అదే నిజమనిపించడం మొదలైంది. నువ్వు రాకపోతే, తప్పుచేసినవాడు కదా, అందుకే రావట్లేదు అనుకున్నాను.

నన్నేమైనా అను. కానీ ముందు ఆ గడియారాలాయన ఇంటికి వెళ్ళు. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకు. నేను చేసి చూశాను.

అక్క


కొట్టు మీది గది,
ఏప్రిల్ 23

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను. గదిలో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగానే తిట్టాను. అమ్మ పోయినప్పుడు కూడా నేను మన పాత ఇంటి గుమ్మం బయటే నిలబడి వచ్చేశాను, నీకు గుర్తుందా? నీ మొహం చూడలేక. అదంతా ఎవరిస్తారు నాకు తిరిగి? అయిదో రోజుకి తిట్లు అయిపోయాయి. కోపం అయిపోలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఆరు సీసాలూ, అదే బరోసా షిరాజ్ మామూలు సైజుది ఒకటీ పట్టుకెళ్ళాను. రెండు గదులు, గోడల నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము. ఈ సీసా బాగుందో లేదో నాకు తెలియదండీ, మీరే చెప్పాలి అన్నాను. పోశాను. ఆయన భయం భయంగా ముక్కు పెట్టారు.

"నేరేడు," అన్నారు. మళ్ళీ చూశారు. "మిరియం. చాక్లెట్టు. ఏమండీ, మట్టి ఏది?"

"మట్టి లేదండీ. ఆ రోజు సీసా చెడిపోయింది. మీ ముక్కు సరిగ్గానే చెప్పింది. నాకే ఏడు నెలలుగా వాసన తెలియదు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నెల రోజులు నేను ఈ ఇంట్లో ప్రతి డబ్బా మూతా తీసి వాసన చూసుకుంటున్నానండీ, పిచ్చివాడిలా," అన్నారు. కోప్పడితే బాగుండేది. వచ్చేటప్పుడు తలుపు దాకా వచ్చారు గానీ, శనివారం వస్తానని అనలేదు.

ఆ మర్నాడు పెద్దావిడకి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ అట్టలు ఎవరు రాస్తున్నారు?"

"మా అక్క. కాంపౌండరు."

"అదీ సంగతి. ప్రతి సీసాకీ మందుల కొట్టు వాసన పట్టినప్పుడే అనుకున్నాను, ఇది నీ చెయ్యి కాదని." కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంది, "నిన్ను నమ్మి పాతికేళ్ళుగా నేను నా ముక్కే వాడలేదు. ఇప్పుడెవరి ముక్కు వాడమంటావు?"

ఉద్యోగం తియ్యలేదు. రుచి బల్ల దగ్గరికి మాత్రం ఇక నేను వెళ్ళను. కింద గిడ్డంగిలో పెట్టెలు లెక్కచూసుకుంటున్నాను. నా కుర్చీలో ఒక కొత్తమ్మాయి వచ్చింది. చురుకైనది, బాగా చూస్తుంది. మెట్ల మీంచి ఆమె గ్లాసు తిప్పే చప్పుడు వినిపిస్తుంది.

నువ్వు కాగితం మీద రాసింది నా ఎదురుగా వచ్చి చెప్పు. అప్పుడు చూద్దాం.

తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి వాటా,
ఏప్రిల్ 30

తమ్ముడూ,

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రాకు. దారి అడిగి తెలుసుకుంటాను.

అక్క


కొట్టు మీది గది,
మే 12

అక్కా,

ఇల్లు చేరావనుకుంటాను.

నువ్వు ఆ రోజు ఎలా వచ్చావో ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. పదకొండేళ్ళ తర్వాత తమ్ముడి గుమ్మం ఎక్కిన అక్క, ఎలా ఉన్నావురా అంటుందనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా నన్ను ఒక్క తోపు తోసి లోపలికి పరిగెత్తావు. గ్యాసు కట్టేశావు. కిటికీలు రెండూ తెరిచావు. నన్ను చెయ్యి పట్టి మెట్ల మీదికి లాగి, అక్కడ నిలబెట్టి అప్పుడు ఏడిచావు.

"ఎన్నాళ్ళ నుంచి కారుతోందిరా ఇది?"

"నాకెలా తెలుస్తుందే?"

అవును, నాకెలా తెలుస్తుంది? మెకానిక్కు వచ్చి పైపు మార్చి వెళ్ళాడు. ఆ సాయంత్రమంతా నువ్వు నా ఇంటిని నాకు చదివి వినిపించావు. పాలు రెండు రోజుల క్రితం విరిగాయి. దుప్పటి ఉతికి నెలలైంది. గోడకి చెమ్మ పట్టింది. బీరువాలో ఎలక చచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నీ శుభ్రం చేశాక గది మధ్యలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, "ఇప్పుడు మనిషి ఉన్న ఇల్లులా ఉంది" అన్నావు. అంతకుముందు ఎలా ఉందో అడగలేదు నేను.

రెండు రోజులు బావ ఊసెత్తలేదు మనం. మూడో రోజు నువ్వు గిన్నెలు తోముతూ, నా వైపు తిరక్కుండానే అన్నావు, "ఆ రోజు వంటింట్లోంచి బయటికి రావలసిందిరా నేను."

"వచ్చుంటే బావ నిన్ను తిట్టేవాడు."

"తిట్టనీ."

అంతే. ఇంకేదో చెప్పుకుంటామనుకున్నాను. నువ్వు గిన్నె నా చేతికిచ్చావు, నేను తుడిచాను. నా కోపం ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను. కానీ ఆ గిన్నె తుడుస్తున్నప్పుడు వెతికితే దొరకలేదు.

ఆ సాయంత్రం కూనవారా సీసా తీశాను. నువ్వు పళ్ళెం కోసం చూడలేదు. మొదటిసారి ఉమ్మెయ్యకుండా మింగావు. మొహం చిట్లించి, "వీడి దుంపతెగ, బాగానే ఉందిరా" అన్నావు. నువ్వు వాసనలు చెబుతుంటే నేను బరువు చెప్పాను. ముందు ఎక్కడ తగిలింది, ఎక్కడ కూర్చుంది, వగరు ఎప్పుడు వదిలింది. అదంతా నీకు తెలియలేదన్నావు. ఈ ఎనిమిది నెలల్లో ఒకరికి తెలియని సంగతి నేను చెప్పడం అదే మొదలు.

పెద్దాయన పోయిన శనివారం రాలేదు. కొత్తమ్మాయి ఆయన కుర్చీ ఖాళీగానే ఉంచింది.

ఇంకొక సంగతి. నిన్న నిన్ను బస్సెక్కించి వచ్చి తలుపు తీశాను. ఇదివరకు అమ్మ వచ్చి వెళ్ళినా, ఎవరు వచ్చి వెళ్ళినా, ఒకటి రెండు రోజులు వాళ్ళ వాసన గదిలో ఉండేది. తలగడకో, తువ్వాలుకో. అలా మెల్లిగా వెళ్ళేవాళ్ళు. నువ్వు పడుకున్న తలగడ మొహానికి ఆనించుకుని చూశాను అక్కా. ఏమీ లేదు. బస్సు కదలగానే నువ్వు మొత్తం వెళ్ళిపోయావు.

అందుకని ఉత్తరం తొందరగా రాయి.

నీ తమ్ముడు